వెనక కుడిపక్క సప్పుడు

"ఆ సప్పుడు పోయిందేటే?" అన్నాడు మావ.

"పోయింది. పడుకో," అన్నాను.

మా ఇద్దరి మద్దిన ఆఖరి మాటలు అవే. మిట్టమద్దినం రాజాం నుంచి తిరిగొచ్చి, కాల్లు కడుక్కుని, మంచం కాడ కూకుని రెండు గుక్కలు గంజి పట్టినాను. ఆయన అడిగినాడు, నాను సెప్పినాను, కళ్ళు మూసుకున్నాడు. అన్నం వార్సి వచ్చేసరికి ఊపిరి నేదు.

సప్పుడు పోనేదు. ఆ పొద్దున కూడా సిలకపాలెం దాటినాక గతుకుల్లో కారు ఎనక టక్కుటక్కుమంటానే ఉన్నాది. మా ఇంటి దారి ఇసక దారి, ఇసకలో ఆ సప్పుడు రాదు. అందుకే మంచం మీదున్న మనిషికి ఇనపడనేదు.

రాస్తన్నది మా మరిది కూతురు నీల. ఇంటరు దాకా సదివింది. మొన్న రాజాంలో పాత సిన్న కారు కొన్నాది. నాను వదిలేసిన సేపల రూటు ఎత్తుకుంటాదట. "పెద్దమ్మా, కారు సంగతులు సెప్పు, రాసుకుంటాను," అన్నాది. నాకు సంతకం వస్తాది, అంకెలు వస్తాయి, అంతే. నాను సెప్పినట్టు రాయి నీలా, సక్కబెట్టకు.

కారు సంగతులతోపాటు ఇంకోటి కూడా సెప్తాను. మావ, అదే మీ పెదనాన్న, ఆఖర్లో పని మర్సిపోయినాడని ఈ ఊర్లో ఒక మాట ఉన్నాది. ఆ మాట అబద్ధం. ఎందుకబద్ధమో నాకొక్కదానికే తెలుసు.

వాసన కారు

రాష్ట్రం రెండు ముక్కలవడానికి రెండేళ్ళ ముందు కొన్నాం ఆ కారు. అంతకుముందు నాను గంప నెత్తినెట్టుకుని బస్సెక్కీదాన్ని. మావ కళింగపట్నం ఒడ్డున బోటు ఇంజన్లు బాగుసేసీవోడు. సంద్రంలోంచి వస్తన్న బోటు కంటికి ఆనకముందే, సప్పుడు ఇని దానికేటి రోగమో సెప్పీవోడు. అలాటి సెవి.

కారు కొన్న రోజే ఎనక సీటు పీకేసినాం. ఆ సీటు ఇప్పటికీ అరుగు మీదున్నాది, మీ నాన్న దాని మీదే కూకుని వల కుట్టుకుంటాడు. సీటు తీసిన సోట ట్రేలు, ట్రేల్లో సేపలు, సేపల మీద అయిసు. తెల్లారి ఒడ్డున కొనుక్కుని, ఎండ ముదరకముందు రాజాంలో దింపాల.

మూడోనెలలో బ్రేకులు పట్టనేదు. సికాకులంలో ఒక మెకానిక్కు కాడికెల్లినాం. డిక్కీ తెరిసి నాలుగడుగులు ఎనక్కి ఏసినాడు.

"ఇది కారా, సేపల సంతా?"

"ముక్కు మూసుకుని పని సెయ్యలేవేటి?" అన్నాడు మావ.

"ముక్కు మూస్తే పానా పట్టుకోడానికి సెయ్యేదయ్యా?"

ఇంకో ఇద్దరి కాడికెల్లినాం. ఒకడు కడిగి తెమ్మన్నాడు. కడిగి తెచ్చినాం. మల్లీ కడిగి తెమ్మన్నాడు. ఆ వాసన ఇనుములోకి ఇంకిపోయింది, పోదు. మేం ఎక్కడాపినా కారు సుట్టూ పిల్లులు సేరీవి. ఇంక మా కారు మేమే బాగుసేసుకోడం మొదలెట్టినాం. సరదాకి నేర్సుకున్న పని కాదిది. ఎవరూ ముట్టనేదు కాబట్టి నేర్సుకున్నాం.

అంకెలు నాను పానాల మీదే నేర్సుకున్నాను. పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు, పందొమ్మిది. పదిహేను, పదహారు కూడా ఉంటాయని సాన్నాళ్ళు నాకు తెల్దు.

నీలా, రోజూ సెయ్యాల్సిన పనులు ముందు రాసుకో. సాయంత్రం ఇంటికి రాగానే మంచినీల్లతో కారు కింద కడుగు. పైన కడక్కపోయినా పరవానేదు, పైన సూసీది మనుషులు, కింద తినీది ఉప్పు. టైరుకీ దాని మీద రేకుకీ మద్దిన నీ సెయ్యి అడ్డంగా పెట్టి సూడు. మా కారుకి కాళీగా ఉంటే రెండు బెత్తెలు, బరువేస్తే బెత్తెడు ఎడం. అంతకన్నా తగ్గితే ఓ ట్రే దింపీ. రెండుపక్కలా ఒకేలాగ నేకపోతే ఏదో స్ప్రింగు కుంగినట్టు. తర్వాత నాలుగు మూలలా కారుని నొక్కి వదులు. ఒక్కసారి పైకి లేసి ఆగాల. ఉయ్యాల్లాగ ఊగిందంటే షాకప్సరు అయిపోయింది. ఈ మూడూ సెయ్యడానికి ఓ బీడీ కాల్సినంత సేపు పడతాది.

సాయిబు కొట్టు

ట్రేలేస్తే కారు ఎనక కుంగిపోయీది. ముందు లైట్లు కొబ్బరిసెట్ల మీద పడీవి. ఎదురొచ్చీ లారీవోళ్ళు మా తల్లిదండ్రుల్ని కూడా తలుసుకునీవోరు. గతుకు తగిలితే టైరు రేకుకి రాసుకుని రబ్బరు కమురు వాసన.

సికాకులంలో పాత స్ప్రింగులమ్మీ సాయిబు ఒకాయన ఉండీవోడు. ఆయనకి పీనసం, వాసన తెల్దు. అందుకే మాకు గురువైనాడు. మా కారు కింద దూరి, బయటికొచ్చి, సేతులు తుడుసుకుని అడిగినాడు.

"గట్టి స్ప్రింగు ఎయ్యమంటావు, బానే ఉన్నాది. దెబ్బ ఎటు పోతాదో తెలుసా?"

"స్ప్రింగు తింటాది గదా," అన్నాడు మావ.

"మెత్తని స్ప్రింగు తింటాది. గట్టిది తినదు, పైకి తోస్తాది. రేకుకీ అతుకుకీ పోతాది ఆ దెబ్బ. స్ప్రింగు మార్సినోడు ముందు అది కూకునే సోటు సూసుకోవాల."

ఆ మాట అప్పుడు ఇద్దరం ఇన్నాం. అర్థం కావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

పెద్ద కారువి పాత స్ప్రింగులు ఒక జత ఇచ్చినాడు. ఏసినాం. బరువుతో ఎల్తే రాజాలాగ ఎల్లింది. కాళీగా తిరిగొస్తంటే గొంగడిపురుగు మీద కూకున్నట్టు ఎగిరి, ఎగిరి, వానలో మలుపు కాడ ఎనకభాగం పక్కకి జారింది. నాను దేవుడికి దండం పెట్టుకున్నాను, మావ స్టీరింగుకి పెట్టుకున్నాడు.

పొడుగైందని మావ ఆ స్ప్రింగు ఒక సుట్టు కోసినాడు. బోట్లకి అతుకులేసీ గ్యాసు మంటతో కోసినాడు. ఇరవై రోజుల్లో కుంగి కూకున్నాది. సాయిబు దాన్ని సేతిలోకి తీసుకుని నవ్వినాడు. "స్ప్రింగుని మంటలో పెడితే అది స్ప్రింగవ్వదయ్యా, కమ్మీ అవుతాది." మల్లీ కొన్నాం. ఈసారి అంత గట్టిది కాదు, ఒక మెట్టు తక్కువది.

మావ సేసిన తప్పులు దాయను. ఇంకో రెండున్నాయి.

ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మద్దిన ఏసీ రబ్బరు బుష్షులు కారుని జాకీ మీద లేపి మార్సినాడు, ఎనక సక్రాల్ని కలిపీ యాక్సిలు గాల్లో ఏలాడతండగానే బోల్టులు బిగించేసినాడు. కిందకి దింపేసరికి రబ్బరు మెలిపడిపోయింది, నెలకి సిరిగింది. బోల్టు వదులుగా పెట్టి, కారుని నేల మీదకి దింపి, బరువంతా సక్రాల మీద పడినాక అప్పుడు బిగించాల. ఇది గీత గీసి రాసుకో నీలా.

రెండోది ముందు స్ప్రింగు. ఎనకది యాక్సిలు దింపితే దానంతటదే ఊడి సేతికొస్తాది. ముందుది అలాగ కాదు, నొక్కిపెట్టి ఉంటాది. దాన్ని నొక్కి పట్టడానికి వేరే పనిముట్టున్నాది. మావ ఏటి సేసినాడు? నైలాను తాడుతో నాలుగు పక్కలా బిగించి కట్టినాడు.

"ఒద్దు మావ," అన్నాను.

"నా ముడి సంద్రంలోనే ఊడదు, ఇక్కడ ఊడతాదా?"

ముడి ఊడనేదు. తాడు తెగింది. స్ప్రింగు ఎగిరి నీల్ల గోలేన్ని రెండు సెక్కలు సేసింది. ఒక అడుగు ఇటు కూకునుంటే నా తల ఆ గోలెం. మావ తాడు తీసి సూసి, "ముడి సూడు, అలాగే ఉన్నాది," అన్నాడు. ఆ పనిముట్టు సాయిబు కాడ అడిగితే ఇస్తాడు. అడుగు. అడగడానికి సిగ్గుపడొద్దు.

ఇవి ఆయన తప్పులు. అన్నీ నలుగురిలో సేసినాడు, నలుగురికీ సెప్పుకుని నవ్వినాడు. అలాటోణ్ణి పని మర్సిపోయినోడు అనరు.

గొట్టం

అయిసు కరిగిన నీల్లు డిక్కీలో, స్టెప్నీ పెట్టీ గుంటలో నిలబడీవి. ఉప్పు, నెత్తురు, పొలుసు. మావ ఆ గుంట అడుగున కుడిపక్క కన్నం పెట్టినాడు. ఊరికే కన్నం పెట్టి వదిలేస్తే ఆ నీల్లు కింద ఇనుము మీద పడి తినేస్తాయని ఆయనకి తెలుసు. అందుకే పంపు సెట్టు రబ్బరు గొట్టం తెచ్చి కన్నానికి బిగించి, ఎనక బంపరు దాకా లాగి, రెండు క్లిప్పులేసి, సివర రోడ్డు మీద పడీలాగ వంచినాడు. ఆ గొట్టం సూడ్డానికి సేపల కార్లోళ్ళు మా ఇంటికొచ్చీవోరు. వంగి సూసి, "ఇంజనీరువి మావా," అనీవోరు. ఆయనకి ఆ మాట బాగుండీది.

ఆ గొట్టం పొలుసుతో పూడుకుపోయీది. నాలుగు రోజులకోసారి కమ్మీ పెట్టి పొడవాల. ఓ పొద్దున సిలకపాలెం దాటినాక వాసనొచ్చి డిక్కీ తెరిసినాను. ట్రేలు నీల్లలో తేలతన్నాయి. అడుగు ట్రేలో వంజరం, ఆ మురికినీల్లలో నానతన్నాది. రాజాంలో ఆ సరుకు ఎవరూ ముట్టరు. కమ్మీ ఇంటికాడ మర్సిపోయినాను. సేపలు కోసీ కత్తి ఉన్నాది. రోడ్డు పక్కన ఎల్లకిలా పడుకుని, సెయ్యి లోపలికి పెట్టి, కన్నం కింద బెత్తెడు పొడుగు ఉంచి గొట్టం కోసిపారేసినాను. బుడబుడమని కారిపోయినాయి నీల్లు. హమ్మయ్య అనుకున్నాను. ఆదివారం కొత్తది ఏద్దాం, అప్పుడు సెప్దాం అనుకున్నాను.

ఆదివారం వచ్చింది, ఎల్లింది. పైనుంచి సూస్తే గొట్టం మూతి అలాగే ఉన్నాది. నీల్లు ఇదివరకటి కన్నా బాగా పోతన్నాయి. ఇంక పొడిసీ పని నేదు. నాకది సుఖంగానే ఉన్నాది. ఆయనకి సెప్పనేదు. మర్సిపోయినానని సెప్పుకోవచ్చు గానీ, సగమే మర్సిపోయినాను.

కింద ఒకరు, పైన ఒకరు

ఆ తర్వాత మావకి నడుం పట్టేసింది. వంగొద్దన్నాడు డాక్టరు. అప్పట్నుంచి ఆయన పీట మీద కూకునీవోడు, నాను కారు కింద పడుకునీదాన్ని. ఆయన ఇనాల, నాను సూడాల. అలాగ మా ఇద్దరం కలిపి ఒక మెకానిక్కు. సరుగుడు దుంగలు రెండు కోయించి పెట్టినాడు, జాకీ లేపినాక యాక్సిలు కింద అవి పెట్టకుండా నన్ను కిందకి దూరనిచ్చీవోడు కాదు. జాకీని నమ్మొద్దు నీలా, దుంగల్ని నమ్ము.

పాత నోట్లు రద్దయిన యేడు మొదలైంది సప్పుడు. ఎనక, కుడిపక్క. బరువుతో గతుకులో దిగినప్పుడు ఒక టక్కు, ఎక్కినప్పుడు ఒక టక్కు. కాళీగా ఉంటే నేదు.

"కుడి సక్రం కదుపు," అనీవోడు పీట మీంచి.

"కదిపినాను."

"ఏటన్నా ఆడతన్నాదా?"

"నేదు."

"యాక్సిలు పక్కకి జరక్కుండా అడ్డంగా ఒక కమ్మీ ఉంటాది సూడు. అది బాడీకి పట్టిన సోట సెయ్యేసి ఊపు."

"రాయిలాగున్నాది మావ."

"మరైతే దెయ్యమేటే?"

ఆ కమ్మీ బుష్షులు మార్సినాం. పది రోజులు తగ్గినట్టే తగ్గి మల్లీ వచ్చింది. మల్లీ మార్సినాం. షాకప్సర్లు కొత్తవి ఏసినాం. స్ప్రింగు కింద రబ్బరు ఏసినాం. పక్కసీట్లో కూకుని, కళ్ళు మూసుకుని రాజాం దాకా వచ్చీవోడు. తిరిగొచ్చినాక అన్నం కలుపుకుంటా కూడా సెవి రిక్కించి ఉండీవోడు, ఎక్కడో ఇంకా ఆ సప్పుడే ఇంటన్నట్టు.

ఓ సాయంత్రం నాను కిందున్నాను. ఆయన పీట మీదున్నాడు. అప్పుడు అడిగినాడు.

"గొట్టం సరిగ్గున్నాదా? నీల్లు ఎక్కడ పడతన్నాయి?"

నా ముక్కుకి మూరెడు దూరంలో ఏలాడతన్నాది కోసిన ముక్క. ఇప్పుడు సెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదే అంటాడు. సప్పుడికీ గొట్టానికీ ఏటి సంబంధం అనుకున్నాను. అప్పుడు నాకు నిజంగా తెల్దు.

"రోడ్డు మీదే పడతన్నాయి," అన్నాను.

"అయితే తుప్పు కాదు," అన్నాడు.

ఇంక ఆ ఊసు ఎత్తనేదు. నీలా, ఇక్కడ కాసేపు ఆగు.

రాయి. ఆ తర్వాత రెండు నెలలకి పానాల పెట్టె మూసి అటక మీద పెట్టించినాడు. ఎవరైనా కారు తెస్తే, "నా కారు సప్పుడే పట్టలేనోణ్ణి, నీ కారు మీద సెయ్యి ఏటి ఎయ్యను?" అని పంపేసీవోడు. మీ నాన్న అరుగు మీంచి, "అన్నియ్యా, సెవికి కూడా ఒక బుష్షు మార్పించుకో," అని నవ్వీవోడు. ఏలాకోలానికే అన్నాడు. మావ కూడా నవ్వినాడు. తర్వాత ఒడ్డుకి ఎల్లడం మానేసినాడు. బోట్లు వస్తంటే కూడా సెవి ఆ పక్కకి తిప్పీవోడు కాదు. ఆయన్ని తీసుకెల్లింది గుండె. కానీ ఆ గుండె అంతకుముందే పని మానుకున్నాది.

సుక్క

మావ పోయిన మూడో నెల. సప్పుడు ముదిరిపోయింది, బ్రేకేస్తే కారు పక్కకి లాగతన్నాది. రాజాం నుంచి వచ్చి, ఆ పగలే జాకీ ఏసి, దుంగలు పెట్టి, కిందకి దూరినాను. పీట కాళీగా ఉన్నాది. కదిపీదాన్నీ నానే, అడిగీదాన్నీ నానే.

నా బుగ్గ మీద ఒక సుక్క పడింది. సేపనీల్లు. తుడుసుకుని పైకి సూసినాను. కోసిన గొట్టం కాడ సుక్క ఊరతన్నాది, కింద అడ్డకమ్మీ బాడీకి అతికిన సోట పడతన్నాది, అక్కడ్నుంచి జారి నా మీద పడతన్నాది. ఆ అతుకు మీద మందంగా నల్లరంగు, పైకి కొత్తదాన్లాగే ఉన్నాది. స్క్రూ డ్రైవరు పెట్టి నొక్కినాను. సేప కడుపులోకి ఏలు దిగినట్టు పిడిదాకా దిగిపోయింది.

సేత్తో ఊపితే రాయిలాగ ఉండీది. బరువు పడితే నోరు తెరిసీది. సాయిబు సెప్పిన సోటు అదే.

అక్కడే పడుకుని ఉండిపోయినాను. ఆయన అడిగిన ఒక్క మాటకి నాను సరిగ్గా సెప్పుంటే, ఆ సాయంత్రమే పట్టుకునీవోడు. పీట మీంచి, నడుం ఇరిగి, ఒక్కసారి కూడా కళ్ళతో సూడకుండా పట్టుకునీవోడు. ఆ సెవి ఎక్కడా తప్పిపోనేదు.

నెమ్మదిగా నడుపుకుంటా సాయిబు కాడికి తీసుకెల్లినాను. తోడుకి మీ నాన్న వచ్చినాడు. సాయిబు కుళ్ళిన ఇనుమంతా కోసి తీసి, మందం రేకు అతికినాడు. "సెల్లెమ్మా, ఇది ఊడుంటే బండి ఎనకభాగం ఎటు తిరిగీదో," అన్నాడు. అప్పుడు గొట్టం ముక్క సూసి, "ఎవరు కోసినారిది?" అన్నాడు.

తెల్దన్నాను.

మీ నాన్న అన్నాడు, "మా అన్నే కోసుంటాడు సాయిబూ. ఆఖర్లో ఏటి సేస్తన్నాడో ఆడికే తెలిసీది కాదు."

నాను కాదనకుండా కారెక్కినాను. ఆ మాట కారుతోపాటు ఊర్లోకి వచ్చేసింది.

ఇంకో రెండేళ్ళు నడిపినాను. కొత్త గొట్టం ఏసినాను, బంపరు దాకా, రెండు క్లిప్పులతో, ఆయన వంచినట్టే వంచి. మోకాళ్ళు పోయి మానేసినాను.

నీలా, నువ్వు సెల్లుఫోన్లో సూపించినావే, ఎవరో సిన్నకారుని జానెడు పైకి లేపి, మెరిసీ స్ప్రింగులేసినారు, అది బానే ఉన్నాది సూడ్డానికి. మనకది వద్దు. మన బరువుకి ఒక మెట్టు గట్టిది సాలు. అది ఎయ్యక ముందు స్క్రూ డ్రైవరు తీసుకుని కింద అతుకులన్నీ పొడిసి సూడు. రంగుని నమ్మకు. గొట్టం పూడుకుపోతే కమ్మీతో పొడువు, కొయ్యకు. కోసినావంటే ఆ రోజే సెప్పు. నీ మొగుడు పైన కూకుని సప్పుడు ఇంటంటే, కిందున్నదానివి నువ్వు సూసింది సూసినట్టు సెప్పాల. తిట్టినా సెప్పాల. పైనున్నోడికి నీ నోరు తప్ప ఇంకేటీ కనపడదు.

అయిపోయింది. మీ నాన్న అరుగు మీద సీటులో ఉన్నాడా? వల కుడతన్నాడా? అయితే ఆ తలుపు తెరిసిపెట్టు. సప్పుడు పోయిందేటే అన్నాడు సూడు, ఆ మాట కాడ్నుంచి సదువు. గట్టిగా సదువు పిల్లా, బయటికి ఇనపడాల.